ఉక్కు స్తంభానికి పెట్టిన బొట్టు

పోయిన నెల భిలాయి వెళ్ళాల్సి వచ్చింది. రాత్రంతా పై బెర్తులో ముడుచుకుని పడుకున్న మోకాళ్ళను బతిమాలుకుంటూ పవర్ హౌస్ స్టేషన్ మెట్లు దిగి, ఆటోల దగ్గరకు వెళ్ళి "శహీద్ స్మారక్" అన్నాను. ఆటో అబ్బాయి నోట్లో గుట్కా ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకు మార్చుకుని, అదెక్కడ పడుతుందని తిరిగి నన్నే అడిగాడు. ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊరి బళ్ళో చదివి, ఆ ఊరి దుమ్ము తిన్న నాకు తోవ చెప్పడం చేతకాలేదు. సెక్టర్ నాలుగు దాటాక, నాలుగు రోడ్లు కలిసేచోట, పెద్ద ఇనుప స్తంభం అని చేతులు పైకెత్తి చూపించాను. పక్క ఆటోలో టీ తాగుతున్న ముసలాయన మా అవస్థ చూసి, "అరే, మాతా చౌక్ బోల్ రహీ హై దీదీ" అని తేల్చేశాడు. కుర్రాడు నావైపు జాలిగా చూశాడు. "సీదా బోలియే నా దీదీ, మాతా చౌక్!" నవ్వొచ్చింది గానీ నవ్వడానికి కూడా ఓపిక లేక ఆటో ఎక్కి కూర్చున్నాను. ఆ మాత ఎవరో, ఏ పొద్దున వెలిసిందో, ఎవరి వల్ల వెలిసిందో చెప్పగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ లేరు. ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ నాకే ఆ చోటి పేరు ఆటోవాడికి చెప్పడం రాలేదు.

ఆ మాతను వెలయించిన మనిషి మా మేనత్త. నాన్నకు అప్ప. మా వైపు అక్కను అప్ప అంటారు. సెక్టర్ నాలుగులో మా క్వార్టరు రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు ఒక వరండా. నాకు ఊహ తెలిసేసరికే ఆ వరండాలో నవారు మంచం మీద అత్త ఉంది. ఆవిడ మాతోపాటు ఉంటుందని మేము ఎప్పుడూ అనుకోలేదు, మేమే ఆవిడ దగ్గర ఉంటున్నామనుకునేవాళ్ళం. పొడుగాటి మనిషి, నుదుటి మీద పావలా కాసంత బొట్టు. పాతికేళ్ళు భిలాయిలో ఉండి ఆవిడ నేర్చుకున్న హిందీ కూరగాయల బండివాడితో తగువుకు మాత్రమే సరిపోయేది. వాడు "అమ్మా" అంటే ఈవిడ "భయ్యా" అనేది, ఆ తర్వాత ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకునేవారు. దండెం మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఉక్కు ప్లాంటు దుమ్ముతో మట్టి రంగుకు తిరిగేవి. వాటిని దులుపుతూ "ఈ ఊర్లో తెలుపనేది నిలవదే అమ్మీ" అని రోజూ అనేది. రోజూ ఒకే మాట అన్నా కొత్తగా విసుక్కోవడం ఆవిడకున్న విద్య.

మామయ్యను నేను చూడలేదు. శ్రీకాకుళం కొండల కింద ఏదో ఊళ్ళో బడిపంతులు. ఆ రోజుల్లో అక్కడ రైతులూ కొండవాళ్ళూ తిరగబడ్డప్పుడు ఆయనా వాళ్ళతో కలిశాడు. ఒక సాయంత్రం మబ్బు పట్టి ఉంటే, గొడుగు పట్టుకెళ్ళమని అత్త అన్నదట. "రాత్రికి వచ్చేస్తాను కదేటి" అని గొడుగు చూరుకే వదిలేసి వెళ్ళాడట. అంతే. కాల్పుల్లో పోయాడని కొందరు, ఒడిశా అడవుల్లోకి దాటేశాడని కొందరు, సన్నాసుల్లో కలిశాడని కొందరు. శవాన్ని చూసినవాళ్ళు లేరు, మనిషిని చూసినవాళ్ళూ లేరు. కొన్నాళ్ళు ఎదురుచూసి, పిల్లా పీచూ లేని అప్పను నాన్న తనతో భిలాయి తెచ్చేసుకున్నాడు. గొడుగు కూడా వచ్చింది. బట్ట చిరిగి కమ్మీలు మిగిలినా అటక మీదే ఉండేది. వానాకాలం తడుస్తూ బడికి పోయేవాళ్ళం కానీ దాన్ని తాకేవాళ్ళం కాదు. ఇంట్లో మామయ్య పేరు కూడా పలికేవాళ్ళం కాదు. నాన్నది ప్లాంటు ఉద్యోగం. బావగారు ఫలానా అని తెలిస్తే ఏమవుతుందోనని ఆయన భయం. నాన్న భయాలన్నీ ఇలాగే ఉండేవి, ఒక్కటీ నిజం కాలేదు, ఒక్కటీ పోలేదు. దాంతో మామయ్య మా ఇంట్లో "ఆయన" అయిపోయాడు.

అత్త బొట్టు సంగతి ఆ కాలనీకంతటికీ తేలని లెక్క. భర్త ఉన్నట్టా, లేనట్టా? శ్రావణ శుక్రవారం పేరంటాల్లో కుంకుమ భరిణె పట్టుకుని వరసగా బొట్టు పెట్టుకుంటూ వచ్చిన ఆవిడ, అత్త దగ్గరకు రాగానే చెయ్యి గాల్లో ఆపేసేది. పెడితే ఏమో, పెట్టకపోతే ఏమో. ఆ ఇబ్బంది అత్తే తీర్చేది. "నాకొద్దులే తల్లీ, నుదురంతా నిండిపోయుంది, జాగా లేదు" అని నవ్వేసేది. అందరూ నవ్వేవారు. ఇంటికొచ్చాక నవారు మంచం మీద అటు తిరిగి పడుకునేది. పన్నెండేళ్ళు దాటితే దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి దహనం చేసి, కర్మ జరిపించేయవచ్చునని శాస్త్రం ఉందట. పన్నెండేళ్ళు దాటిన ఏడాది మా ఊరి పురోహితుడితో మాట్లాడి వచ్చి, నాన్న భయపడుతూ భయపడుతూ ఆ మాట ఎత్తాడట. అత్త కేకలెయ్యలేదు, ఏడవలేదు. "గడ్డి బొమ్మకి నాను ముండమొయ్యాలేట్రా తమ్ముడూ?" అందట. నాన్న మళ్ళీ ఎత్తలేదు.

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన ఆ సంవత్సరం, మా సెక్టరు చివర చౌరస్తాలో ఈ స్మారకం లేవడం మొదలైంది. దేశం కోసం విప్లవంలో ప్రాణాలిచ్చినవాళ్ళందరికీ జాతీయ స్మారకం అని బోర్డు పెట్టారు. ఉక్కు ఊరు కాబట్టి రాయీ పాలరాయీ కాకుండా మొత్తం ఉక్కు పలకలతో కట్టారు. నేల మీద నల్లరాతి అరుగు, దాని మధ్యనుంచి పైకి పోయేకొద్దీ సన్నబడే స్తంభం, కొసన జ్వాల. నాన్న ప్లేట్ మిల్లులో పనిచేసేవాడు. ఆ పలకలు తమ మిల్లులో సాగినవేనని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. పాలవాడికి కూడా చెప్పాడు. పాలవాడు తలూపి, పాలు మాత్రం ఎప్పటిలాగే నీళ్ళగా పోశాడు. సాయంత్రం షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తూ అక్కడ ఒక కాలు నేల మీద ఆనించి, వెల్డింగు చూసి మరీ వచ్చేవాడు నాన్న. తన జీవితంలో చేసిన పనిని మొదటిసారి బయట నిలబెట్టి చూసుకుంటున్నాడు పాపం. అప్పుడు మాకది అర్థం కాక ఆయన వెనకాల వెక్కిరించేవాళ్ళం.

అదే రోజుల్లో మా అక్కకు సంబంధం కుదిరింది. వాళ్ళూ మావాళ్ళే, క్యాంప్ రెండులో కాపురం, మర్యాదస్తులు. అంతా బాగుందనుకుని లేవబోతూ పెళ్ళికొడుకు తల్లి గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి మా అమ్మను అడిగింది. "మీ ఆడపడుసుగోరి సంగతేటి వొదినా? పెల్లిలో పసుపు కొమ్ముల కాడ కూకుంటారా, కూకోరా? తరవాత మాట రాకూడదని అడుగుతన్నాను." చెడ్డ మనిషి కాదు, అడగాల్సింది అడిగింది. కానీ వరండాలో మంచం మీదున్న అత్తకు అది వినబడకుండా ఉండాలంటే మా క్వార్టరు ఇంకో నాలుగు గదులు పెద్దది కావాలి. ఆ రాత్రి అన్నాలప్పుడు అత్త మజ్జిగ పోసుకుంటూ, ఎవరివైపూ చూడకుండా చెప్పింది. "ఈ పిల్ల పెల్లికి నాను అడ్డం పడను. తేల్చీసుకుంటాను. అలిసిపోనాను తమ్ముడూ." అమ్మ ఏదో అనబోయింది. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట అలిసిపోయానన్న మాట అదే మొదటిసారి. విసుగు చాలాసార్లు విన్నాం, కానీ విసుగు వేరు, అలసట వేరు.

స్మారకం ప్రారంభం రోజు ఎవరో పెద్ద నాయకుడు వచ్చాడు. స్కూలు పిల్లలు, బ్యాండు, షామియానా, మంచినీళ్ళ డ్రమ్ములు. ఎప్పుడూ ఇలాంటివాటికి రాని అత్త ఆ రోజు తానే చెప్పులేసుకుని బయల్దేరింది. జనం వెనకాల, ఒక గుల్‌మొహర్ నీడలో నిలబడ్డాం. నాయకుడు అరిచి అరిచి మాట్లాడుతున్నాడు. అత్త నా మోచెయ్యి గిల్లి, "మాటమాటకీ కిరాంతి కిరాంతి అంతన్నాడు, ఏటే అది?" అంది. క్రాంతి అంటే విప్లవం అత్తా అన్నాను. ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంది. తర్వాత నెమ్మదిగా, "ఆ మాట మీ మావ తలుపులేసీసి, దీపం తగ్గించి అనేవోడే. ఈలేటి మైకులో అరుస్తన్నారు" అంది. జనం తగ్గాక ముందుకెళ్ళి, అరుగు మీద చెక్కిన అక్షరాలు చదవమంది. అత్తకు హిందీ చదవడం రాదు. విప్లవంలో ప్రాణాలిచ్చినవాళ్ళలో పేరు తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ అందరికీ ఈ దేశం నమస్కరిస్తోందని రాసి ఉంది. అది తెల్లవాళ్ళతో పోరాడినవాళ్ళ గురించి అని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. "పేరు తెలీనోల్లకి కూడానా?" అని మాత్రం మళ్ళీ అడిగింది. అవునన్నాను. "సరే అయితే. ఇదే ఆడి సమాధి" అంది. చనిపోయాడో లేదో తెలియని మనిషికి అంతకంటే స్థిరమైన సమాధి మా ఊళ్ళో దొరకదు కూడా. కిందనుంచి పైదాకా ఉక్కు.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. అమ్మ అప్పటికే పెరట్లో పొయ్యి మీద పెద్ద గుండిగతో నీళ్ళు పెట్టింది. అత్త తిరిగొచ్చాక తలస్నానానికి. బొట్టు లేకుండా, గాజులు లేకుండా తిరిగొస్తుందని కదా. అమ్మ కళ్ళు పొగ వల్ల ఎర్రబడ్డాయో ఏమో. నాన్న గుమ్మంలో కూర్చుని, వేసుకున్న బూట్లకే మళ్ళీ లేసులు కట్టుకుంటున్నాడు. అత్త పెట్టెలోంచి పెళ్ళినాటి చీర తీసి కట్టుకుంది. చేతినిండా గాజులు, తల్లో కనకాంబరాలు, ముఖానికి పసుపు. మొగుడు పోయిన ఆడదాన్ని ఆఖరిసారి అలంకరించే ఆచారం మావాళ్ళలో ఉంది. అది చేయడానికి పదిమంది ఆడవాళ్ళు కావాలి. ఎవర్నీ పిలవకుండా తన అలంకారం తనే చేసుకుంది. దారిలో ఆవిడ చేతి సంచిలో నువ్వులు, సీసాలో నీళ్ళు, పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ. నాకు ఇరవై ఏళ్ళు. ఏమనాలో తెలియక ఎండ గురించి మాట్లాడాను.

అరుగు మీద నిన్నటి బంతి రేకులు వాడిపోయి ఉన్నాయి. అత్త నువ్వులు నీళ్ళు వదిలింది. ఆ తర్వాత గాజులు పగలగొట్టుకోవాలి, బొట్టు తుడుచుకోవాలి. చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగింది. "ముందు ఆడికొక బొట్టెట్టీసి…" అని గొణిగి, స్తంభం మొదట్లో పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. నేను అటూ ఇటూ చూసి, ప్రభుత్వం వాళ్ళది అత్తా, ఎవరైనా చూస్తే బాగుండదు అన్నాను. "విశ్వకర్మ పూజకి మీ నాన్న ఆ మిల్లు మొత్తానికి బొట్లెట్టలేదేటి? ఇది ఆ ఇనుమే కదా" అంది. ఏటా ఆ పూజనాడు కుటుంబాలను ప్లాంటులోకి రానిస్తారు. యంత్రాల ఒంటినిండా పసుపూ కుంకుమా, మెడలో బంతి దండలూ మేమందరం కళ్ళారా చూసినవే. కొబ్బరికాయ అరుగు అంచుకేసి కొట్టింది. ఆ చప్పుడికే ముంచుకొచ్చింది అసలు సంగతి.

సెక్టర్ల ఇళ్ళలో పనులు చేయడానికి క్యాంప్ రెండు నుంచి మన ఆడవాళ్ళు గుంపులుగా నడిచి వచ్చేవారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు మనుషులే అందరూ. వాళ్ళు ఆగారు. నిన్న లేని పసుపు, కుంకుమ, కొబ్బరి చెక్కలు, పెళ్ళికూతురిలా ముస్తాబైన పెద్ద ముత్తైదువ. "ఏ అమ్మోరప్పా?" అని ఒకావిడ అడిగింది. అత్త నోరు పెగల్లేదు. ఏమని చెబుతుంది? కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు చూసి వాళ్ళు ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. "ఓలమ్మో, అప్ప మీదికి అమ్మోరు వొచ్చినట్టుందే" అని ఒకావిడ చెంపలు వేసుకుంది. చీపుర్లు, టిఫిన్ గిన్నెలు కింద పెట్టి అందరూ దణ్ణాలు పెట్టారు. వాళ్ళలో పెద్దావిడ, ఎండకు నల్లబడి ముడతలు పడ్డ మనిషి, స్తంభానికున్న కుంకుమను వేలితో తీసి, మన ఆడవాళ్ళు గుళ్ళో చేసినట్టే, ముందు అత్త మంగళసూత్రాలకు అద్ది, తర్వాత నుదుటి మీద పెట్టింది. ఆ చెయ్యి గాల్లో ఆగలేదు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇన్నేళ్ళ పేరంటాల్లో అత్త నుదుటి దాకా తిన్నగా వచ్చిన మొదటి చెయ్యి అది. "పసుపూ కుంకాలతో సల్లగుండప్పా" అని తన దారిన తాను పనికి పోయింది.

అత్త అరుగు మీద కూలబడింది. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే నవ్వుతోంది. నవ్వుతోనే కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "తుడుసుకుందామని వొస్తే ఆడే ఎట్టించినాడే అమ్మీ. మరింకెలగ తుడుస్తాను, సెప్పు?" అంది. మేము ఇంటికి చేరేసరికి గుండిగ కింద పొయ్యి ఆరిపోతోంది. అమ్మ అత్త ముఖంలోకి చూసింది. పొద్దున వెళ్ళినప్పటికంటే పెద్ద బొట్టు. "నీల్లు సల్లారనియ్యకు మరదలా. తానం సేసీసి రెండిడ్లీ తింతాను, ఆకలేస్తంది" అని అత్త లోపలికి వెళ్ళిపోయింది. నాన్న లేసులు వదిలేసి గుమ్మంలోంచి లేచాడు. సైకిల్ తీసుకుని డ్యూటీకి పోయాడు. ఆ రోజు ఆయన షిఫ్టుకు ఆలస్యమయ్యాడని, జీవితంలో అదొక్కసారేనని, ఆ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

తర్వాతి కథ ఊరంతా చూసిందే. వారం తిరిగేసరికి స్తంభానికి ఎర్రగుడ్డ చుట్టారు. ఎవరో వేపమొక్క నాటారు. క్యాంప్ రెండు నుంచి డప్పులతో ఘటాలు రావడం మొదలైంది. ప్రభుత్వం పనివాళ్ళు వచ్చి రెండు మూడుసార్లు గొట్టంతో నీళ్ళుకొట్టి పసుపంతా కడిగేశారు. అమ్మవారికి అభిషేకం జరిగిందని ఆడవాళ్ళు సంబరపడ్డారు. పాపం కడిగేవాళ్ళూ విసిగిపోయి మానేశారు. కార్మిక నాయకుడొకాయన అక్కడ నిలబడి, ఇది అమరుల గుర్తు, గుడి కాదు అని గంటసేపు చెప్పాడు. అందరూ శ్రద్ధగా విని, ప్రసాదం ఆయనకూ పెట్టారు. నాన్నకు మాత్రం మనసులో బాధే. తన ప్లేట్ల మీద వెల్డింగు గీత కనబడకుండా పసుపు పట్టిపోయిందని. అక్క పెళ్ళికి నెలరోజుల ముందు పెళ్ళికొడుకు తల్లి తానే వచ్చింది. అమ్మవారు మీ ఆడపడుచు చేతిమీదుగా వెలిసిందట కదా, పసుపు కొమ్ములు ఆవిడ చేత్తోనే దంచించాలని బతిమాలింది. అత్త రోకలి పట్టుకుని, "నడుం నొప్పి వొదినా, రెండు దెబ్బలే ఏస్తాను" అని బెట్టు చేసింది.

ఆ చోటు అత్తది కాకుండా పోయిందని నాకు కష్టంగా ఉండేది. తన మొగుడి సమాధి దగ్గర, ప్రతి శుక్రవారం, తానే అందరి వెనకా లైనులో నిలబడేది. పూజారొకడు వచ్చి చేరాడు, ఎక్కడో రాయ్‌పూర్ అవతలి మనిషి. ఎవరి పేరు మీద అని అతను హిందీలో అడిగినప్పుడు, అత్త మామయ్య పేరు చెప్పేది. ఇంట్లో గొడుగు పక్కన దాచిపెట్టిన ఆ పేరును, నాలుగు రోడ్ల కూడలిలో, ప్రభుత్వం కట్టిన స్తంభం ముందు, గట్టిగా, ఇంటిపేరుతో సహా చెప్పేది. చచ్చిపోయినవాళ్ళ స్మారకం దగ్గర ఆయన పేరు మీద ఆయురారోగ్యాలకు అర్చన. ఇదేమిటత్తా, పోయినట్టా ఉన్నట్టా అని ఒకసారి అడిగాను. "నాకేటి తెల్సు? రెండూ ఇక్కడే అయిపోతాయి కదా, ఏరే ఏరే గుల్లకి తిరగడానికి నాకు కాల్లెక్కడియి?" అంది. ఆవిడ పోయినప్పుడు ముత్తైదువగానే సాగనంపాం. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేవాళ్ళకు కూడా అప్పటికి వయసు మీద పడిపోయింది.

ఆటో మాతా చౌక్‌లో దింపింది. చుట్టూ రేకుల పందిరి, ఇనుప కటకటాలు, చెప్పుల స్టాండు. జ్వాల ఒక్కటే పందిరి పైకి కనబడుతోంది. కింద నల్లరాతి మీద అక్షరాలు నూనె, పసుపు కిందికి పోయాయి, వేళ్ళతో తడిమితే తగులుతాయి. నేను తడిమాను. లైనులో నా వంతు వచ్చేసరికి కాళ్ళు లాగుతున్నాయి. పూజారి కొత్తవాడు, చిన్నవాడు. "కిస్‌కే నామ్ సే, మాతాజీ?" అన్నాడు. మామయ్య పేరు చెప్పాను. నేనెన్నడూ చూడని మనిషి, ఉంటే ఎనభై దాటి ఉంటాడు. కుర్రాడు ఆ పేరును తన నోట్లో వంకర తిప్పి మూడుసార్లు చదివి, ఎర్రదారం నా చేతిలో పెట్టి, "లంబీ ఉమ్ర్ హో ఉన్‌కీ" అని ఆయనకు నూరేళ్ళ ఆయుష్షు దీవించి, వెనకవాళ్ళను రమ్మన్నాడు. అన్నిటినీ కాలమే తేల్చేస్తుందని పెద్దలంటారు. మా ఇంటి సంగతి ఒక్కటి దానికి తేల్చడం చేతకాలేదు. అదీ అలిసిపోయి ఇక్కడే ఎక్కడో కూర్చుండిపోయింది, మేమూ దాన్ని లేపలేదు.